స్పానిషు క్రియలు: మా యనుభవము



అరువదినాలుగేండ్ల వయసున పరభాషా వ్యాకరణమును చేతబట్టితిమని చెప్పినచో మీలో ననేకులు నవ్వుదురు. మా యింటివారును నవ్విరి. కాని యీ విద్యను మేము వినోదమునకై యారంభింపలేదు. ఒక క్రియాపదము ఎవరిని గుఱించి చెప్పబడినదో గ్రహింపజాలక మా దౌహిత్రుని ఆపదపాలు చేయబోయితిమి. ఆ తప్పు మాదే. దానివలన మేము నేర్చుకొన్నది నలుగురితో చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2023వ సంవత్సరము ఆగస్టు నెలలో మేము అమెరికాకు బోయితిమి. మా యమ్మాయియు అల్లుడును టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమునకు చేరువ కాపురముండిరి. అమ్మాయికి రెండవ కాన్పున మగశిశువు కలిగి అప్పటికి ఆఱు నెలలు నిండినవి. ఆమె మఱల ఉద్యోగమునకు బోవలసి వచ్చినది. చంటివానిని కనిపెట్టి యుండుటకును, పదుమూడేండ్ల మనుమరాలు బడినుండి రాగానే ఇంత యన్నము పెట్టుటకును మమ్ము రమ్మనిరి. ఇంటి యజమానులు గతించి అప్పటికి నాలుగేండ్లు. రాజమహేంద్రవరమున ఒంటిగా నుండుటకంటె పిల్లల చెంత నుండుట మేలని బయలుదేఱితిమి.

అచ్చట ఇంటిపనిలో సాయమునకు మెక్సికో దేశపు స్త్రీ యొకతె ఉదయమున వచ్చి మధ్యాహ్నము ఒంటిగంటకు వెడలుచుండెను. ఏబది యేండ్లు దాటిన మనిషి. మాట నెమ్మది, పని శుభ్రము. పసివానికి నీళ్లు పోయుటలో, తల తుడుచుటలో ఆమె చేతి మెలకువ చూచినచో మాకు మా పినతల్లి జ్ఞాపకము వచ్చుచుండెను. ఆమెకు ఇంగ్లీషు రాదు. మాకు వచ్చిన ఇంగ్లీషు అంగడిలో ధర యడుగుటకు మాత్రమే చాలును. ఆమెకు తెలుగు రాదు, మాకు స్పానిషు రాదు. చేతులతోను కన్నులతోను మాటలాడుకొనుచుంటిమి. ఫోనులో తర్జుమా చేయు సాధనము కలదని మనుమరాలు చూపినది. కాని భుజముపై బిడ్డయు చేతిలో గరిటెయు నున్నవేళ ఆ ఫోనును వెదకి తెచ్చుట యెవరి తరము? చేసైగలే చాలునని యూరకుంటిమి.

టెక్సాసులో స్పానిషును పరాయి భాష యనుకొనుట పొరపాటు. ఆ సీమ తొలుత స్పెయిను రాజుల యేలుబడిలోను, పిదప మెక్సికోలోను ఉండి, 1836లో విడివడి, 1845లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో చేరినది. ఇంగ్లీషుకంటె ముందే అచ్చట స్పానిషు వినబడినది. లోకమున దాదాపు 50 కోట్ల మందికి అది తల్లిభాష. సుమారు 20 దేశములలో ప్రభుత్వ వ్యవహారము ఆ భాషలోనే జరుగును. ఇవి యన్నియు మాకు తరువాత తెలిసినవి. అప్పటికి మాకు తెలిసిన స్పానిషు రెండే మాటలు: 'సీ' యనగా ఔను, 'నో' యనగా కాదు.

ఆ సంవత్సరమే యొక ఏకాదశినాడు ఉదయమున ఆమె మా ముందొక పళ్లెములో రొట్టె పెట్టి, మేము ముట్టకుండుట చూచి, 'నో కోమె?' అని యడిగెను. 'కోమె' యనునది తినుటకు సంబంధించిన మాటయని దినదినము వినుచుండుటచే కొంత తెలిసియుండెను. తినరా యని యడుగుచున్నదని గ్రహించి, చేతులు జోడించి దేవుని పటమువైపు చూపితిమి. ఆమె యర్థము చేసికొని, తానును ఉపవాసము లుండుదునన్నట్లు మెడలోని శిలువను తాకి చూపినది. ఇద్దఱము నవ్వుకొంటిమి.

ఒంటిగంటకు ఆమె బయలుదేఱుచు వాకిలివద్ద నిలిచి, మఱల 'నో కోమె, నో బేబె' యనినది. ఈసారి ముఖమున నవ్వు లేదు. తినరు, త్రాగరు అని మా యుపవాసమును గుఱించియే విచారపడుచున్నదని తలచి, పరవాలేదన్నట్లు చేయి చూపి 'సీ, సీ' యంటిమి. ఆమె లోపలి గదివైపు చూచి రెండవమాఱు అదే మాట చెప్పెను. మేము రెండవమాఱు 'సీ' యంటిమి. వెలుపల ఆమెకొఱకు బండి కాచియుండెను. ఆమె వెడలిపోయెను.

పసివాడు నిద్రపోవుచుండెను. మంచి నిద్ర పట్టినదని సంతోషించి మేము లేపలేదు. విష్ణుసహస్రనామము చదువుకొనుచు వాని ప్రక్కనే కూర్చుంటిమి. నాలుగున్నరకు మనుమరాలు బడినుండి వచ్చి, తమ్ముని ముద్దాడబోయి, 'అమ్మమ్మా, వీడు చాలా వేడి!' అని కేక వేసెను. మేము చేయి వేసి చూడగా ఒళ్లు కాలుచుండెను. పెదవులెండినవి. తొడుగు చూడగా పొడిగా నున్నది. పాలబుడ్డి నోటికందింపగా మొగము త్రిప్పుకొనెను.

అమ్మాయి పరుగున వచ్చి వైద్యునియొద్దకు తీసికొనిపోయినది. జ్వరముతో పాటు ఒంటిలోని నీరు తగ్గుచున్నదనియు, ఇంకను ఆలస్యమైనచో సూదిద్వారా నీరెక్కింపవలసి వచ్చెడిదనియు ఆయన చెప్పి, లవణములును చక్కెరయు కలిపిన నీటిని చెంచాతో కొంచెము కొంచెముగా త్రాగింపుమని పంపెను. ఆ రాత్రి తల్లి కొంతసేపు, మేము కొంతసేపు చెంచా పట్టితిమి. తెల్లవాఱుజామున వాని తొడుగు తడిసెను. ఆ తడిని చూచి మేము కన్నీళ్లాపుకొనలేకపోయితిమి.

అమ్మాయి మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనినచో మనసు కొంత తేలిక పడియుండెడిది. మరునాడు మెక్సికో యామె రాగానే మనుమరాలిచేత అడిగింపగా సంగతి బయటపడినది. ముందటి దినము పదిగంటల నుండి వాడు ఏమియు తినలేదు, పాలు ముట్టలేదు. ఆ మాటనే ఆమె మాకు రెండుమార్లు చెప్పినది. రెండుమార్లును మేము 'సీ' యంటిమి.

'కోమె అంటే ఎవరు తినడం, తల్లీ?' యని మనుమరాలి నడిగితిమి.

'వాడు తినడం, ఆమె తినడం, మీరు తినడం, అన్నిటికీ ఒకటే, అమ్మమ్మా!' అని చెప్పెను.

ఆ మాట మాకు ముల్లువలె నాటుకొన్నది. ఆ రాత్రియే భోజనముల తరువాత మనుమరాలిని వంటబల్లవద్ద కూర్చుండబెట్టుకొని, ఆమె బడిలో నేర్చుకొనుచున్న స్పానిషును మాకు నేర్పుమంటిమి. మనుమరాలు గురువు, అమ్మమ్మ శిష్యురాలు. కూరగాయల లెక్క వ్రాసికొను పుస్తకమే మా పాఠపుస్తకమైనది.

ఆ భాషలో క్రియల మూలరూపములన్నియు 'ఆర్', 'ఏర్', 'ఈర్' అను మూడు చివరలలో నొకదానితో ముగియును. 'అబ్లార్' మాటలాడుట, 'కొమేర్' తినుట, 'బిబీర్' జీవించుట, నివసించుట. ఆ చివరను తీసివేసినచో 'అబ్ల్', 'కోమ్', 'బిబ్' అను మొదలు మిగులును. ఆ మొదటికి, పని చేయువారెవరో తెలుపు ప్రత్యయమును చేర్చవలెను. అంతే సూత్రము. మేము పుస్తకములో నిట్లు వ్రాసికొంటిమి:

నేను మాటలాడుదును: అబ్లో. నీవు: అబ్లాస్. అతడు, ఆమె, తమరు: అబ్లా. మేము: అబ్లామోస్. వారు, మీరందఱు: అబ్లాన్.

నేను తిందును: కోమో. నీవు: కోమెస్. అతడు, ఆమె, తమరు: కోమె. మేము: కొమేమోస్. వారు, మీరందఱు: కోమెన్.

నేను నివసింతును: బీబో. నీవు: బీబెస్. అతడు, ఆమె, తమరు: బీబె. మేము: బిబీమోస్. వారు, మీరందఱు: బీబెన్.

చూచితిరా? 'నేను' అనుటకు మూడు తెగలలోను 'ఓ' యే చివర. 'ఆర్' తెగకు అకారము ప్రధానము, తక్కిన రెండింటికి ఎకారము ప్రధానము. 'ఏర్' తెగకును 'ఈర్' తెగకును మెక్సికోవారి వాడుకలో భేదము ఒక్క 'మేము' అనుచోట మాత్రమే: కొమేమోస్, బిబీమోస్. స్పెయిను దేశమున చనువుగల పలువురిని 'మీరు' అనుటకు అబ్లాయిస్, కొమేయిస్, బిబీస్ అను వేఱు రూపములు కలవు. మెక్సికోవారు వానిని వాడరు కావున మేము వానిని ప్రక్కన బెట్టితిమి. మొత్తముమీద చివరలు పదునైదే, అందులోను కొన్ని మఱల మఱల వచ్చునవే. పప్పు ఉడుకులోగా వల్లించుకొనవచ్చును.

ఇంగ్లీషు పిల్లలకు ఇది కష్టముగా నుండునని మనుమరాలు చెప్పినది. వారి భాషలో క్రియ యంతగా మాఱదు కావున ఎవరు చేయుచున్నారో వేఱుగ చెప్పవలసినదే. మన తెలుగు స్త్రీకి ఇందు క్రొత్త యేమున్నది? వండితిని, వండితివి, వండితిమి, వండితిరి యని మనము పలుకునప్పుడు, పని చేసినవారు క్రియ చివరనే యుందురు గదా. 'వచ్చితిని' అనినచో 'నేను' అని వేఱుగ ననవలసిన పని లేదు. స్పానిషులోను అంతే. 'అబ్లో' యనిన చాలును. నొక్కి చెప్పవలసినప్పుడే 'యో', అనగా 'నేను', అని చేర్తురు. ఈ పోలిక తెలిసిన దినమున మాకు సగము భయము తీఱినది.

మఱియొక పోలిక కూడ కలదు. 'ఆమె ప్రతిదినము వండును' అనుటకును, 'ఆమె యిప్పుడు వండుచున్నది' యనుటకును వారు 'కొసీనా' యనుమాటనే వాడవచ్చును. 'రేపు వండును' అనుటకు సయితము కొన్నిచోట్ల అదియే చెల్లును. మన వైయాకరణులు తద్ధర్మమని చెప్పు రూపము వంటిదన్నమాట. ఇక భేదము చెప్పవలెనన్న, మన భాషలో 'అతడు వండుచున్నాడు', 'ఆమె వండుచున్నది' యని స్త్రీపురుషులకు క్రియ వేఱు. అంతేకాదు, 'పిల్లి వచ్చుచున్నది' యను చివరయే స్త్రీకిని వచ్చును. స్పానిషు క్రియకు ఆ భేదము లేదు. మగవాడు వండినను కొసీనా, ఆడుది వండినను కొసీనా. మా యల్లునికి ఈ సంగతి చెప్పగా, ఆ ఆదివారము పెసరట్లు తానే పోసినాడు.

ఇక మా పొరపాటునకు మూలమైన సంగతి చెప్పుదుము. ఆ భాషలో చనువుగా 'నీవు' అనుటకు 'తూ' యందురు. గౌరవముగా 'మీరు, తమరు' అనుటకు 'ఉస్తెద్' అందురు. ఈ 'ఉస్తెద్' పూర్వము 'బుయెస్ట్రా మెర్సెద్' అను మాటనుండి పుట్టినది. దాని యర్థము 'తమ దయ'. ఎదుటివారిని నేరుగా 'నీవు' అనక, 'తమ దయ వచ్చునా? తమ దయ భుజించునా?' యని పరోక్షముగా పలుకు మర్యాద అది. మన జమీందారీ యిండ్లలో 'ప్రభువులు విచ్చేయుదురా?' అని ప్రభువుల యెదుటనే యడుగుట లేదా? అందుచేత 'ఉస్తెద్'కు క్రియ 'అతడు, ఆమె' యనువానితో సమానముగా వచ్చును. 'కోమె' యనగా వాడు తినును, తమరు తిందురు కూడ. ఆమె ప్రొద్దున మమ్ము గౌరవించి 'నో కోమె?' యనినది. మధ్యాహ్నము పసివానిని గుఱించి 'నో కోమె' యనినది. మాట యొక్కటే, మనుషులు వేఱు. ఆ సంగతి యెఱిగియున్నచో 'కియేన్?' అని యొక్క మాట అడిగియుందుము. 'కియేన్' అనగా 'ఎవరు?' ఆ యొక్క మాట తెలియక మూడున్నర గంటల కాలము పోయినది.

'బేబె' యను మాట సంగతియు వినుడు. అది 'బెబేర్', త్రాగుట, అను క్రియకు రూపము. మొదటి యక్షరము నొక్కి 'బేబె' యనినచో 'త్రాగును'. రెండవ యక్షరము నొక్కి 'బెబే' యనినచో పసిబిడ్డ. 'ఎల్ బెబే నో బేబె' యనగా 'పసివాడు త్రాగడు'. ఆ వాక్యమును మేము పుస్తకపు మొదటి పుటలో పెద్ద యక్షరములతో వ్రాసి, ప్రతిరాత్రి చదివితిమి.

గౌరవపు మాట వచ్చినది గనుక మఱియొక తప్పును కూడ ఒప్పుకొందుము. మనుమరాలి పాఠపుస్తకములో మొదట వచ్చినది 'తూ' కావున, మేము ధైర్యము చేసి మెక్సికో యామెతో మొదట పలికిన వాక్యము 'తూ కోమెస్?' అనునది. ఆమె గుడ్డలు మడచుట యాపి, మావంక చూచి నవ్వి, 'సీ, సెన్యోరా' యనినది. మనుమరాలు నాలుక కఱచుకొన్నది. 'అమ్మమ్మా, ఆవిడ నిన్ను ఉస్తెద్ అంటోంది. నువ్వు ఆవిడను నువ్వు అన్నావు' అనినది. మాకు సిగ్గు కలిగినది. ఆలోచింపగా, మన యిండ్లలో పని చేయు స్త్రీలను వయసు చూడక ఏకవచనమున బిలుచుట మన వాడుక గదా! రాజమహేంద్రవరమున మా యింట ఇరువదియేండ్లుగా పని చేయుచున్న యామె మాకంటె రెండేండ్లు పెద్దది. ఆమెను మేమొక్కనాడును 'మీరు' అనలేదు. పరదేశపు వ్యాకరణము చదువగా ఈ సంగతి మా మనసున బడినది. మరునాటినుండి మెక్సికో యామెను 'ఉస్తెద్' అనియే పలికితిమి. ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఇచ్చటి యామెను గూడ 'మీరు' అనుట కలవాటు పడితిమి. ఆమె మొదట కంగారుపడి, 'కోపం వచ్చిందా అమ్మగారూ?' అని యడిగినది.

వృద్ధాప్యమున కంఠపాఠము సులభము కాదు. రాత్రి వచ్చినది తెల్లవాఱునప్పటికి పోవుచుండెను. విసుగు పుట్టినప్పుడు మనుమరాలు తన బడిలో విన్న కథ యొకటి చెప్పినది. 17వ శతాబ్దమున మెక్సికోలో సోర్ హువానా ఈనెస్ దె లా క్రూస్ అను సన్యాసిని, గొప్ప కవయిత్రి, ఉండెను. ఆమె బాల్యమున లాటిను నేర్చుకొనుచు, తాను పెట్టుకొన్న గడువులోగా పాఠము రానిచో జుట్టు కత్తిరించుకొనెడిదట. తెలివి లేని తలకు అలంకార మెందుకని ఆమె భావము. స్త్రీలకు చదువుకొను హక్కు కలదని వాదించుచు 1691లో వ్రాసిన యుత్తరమున ఆమెయే యీ సంగతి చెప్పుకొన్నది. 1695లో మహామారి సోకిన తోడి సన్యాసినులకు ఉపచారము చేయుచు, తానును ఆ వ్యాధితోనే మరణించెను. నేడు మెక్సికో దేశపు 100 పెసోల నోటుపై ఆమె చిత్రమున్నది. కత్తిరించుకొనుటకు మా తలపై అంత జుట్టు మిగులలేదు గాని, ఆ కథ విన్న పిదప పుస్తకము మూయుటకు మనసొప్పలేదు.

స్త్రీలకును ఈ వ్యాకరణమునకును మొదటినుండియు సంబంధము కలదు. స్పానిషునకు తొలి వ్యాకరణ గ్రంథమును 1492లో ఆంతోనియో దె నెబ్రిహా యను పండితుడు సలమాంకా నగరమున అచ్చొత్తించి ఇసబెల్ రాణికి అంకితమిచ్చెను. ఆ రాణికి లాటిను చెప్పిన గురువు బెయాత్రీస్ గలిందో యను విదుషి. రాణి గారే పెద్దదైన పిమ్మట చదువుకొనగా, వంటబల్లవద్ద మేము చదువుకొనుట వింత కాదు.

వంటింటి క్రియలను మేము వేఱుగా నొక పుటలో వ్రాసికొంటిమి: 'లబార్' కడుగుట, 'కొర్తార్' కోయుట, 'కొసినార్' వండుట, 'బర్రేర్' ఊడ్చుట, 'అబ్రీర్' తెఱచుట, 'యొరార్' ఏడ్చుట. ఇవి యన్నియు ఇప్పుడు చెప్పిన సూత్రము తప్పక నడచునవి. 'యోరా' యనినచో వాడేడ్చుచున్నాడు. అన్ని క్రియలును ఇంత సాధువులు కావు. నిద్రించుట యను 'దొర్మీర్' నడుమ మాఱి 'దుయేర్మె' యగును. వెళ్లుట, ఉండుట మొదలగునవి పూర్తిగా దారి తప్పినవే. మనుమరాలు వానిని గుఱించి చెప్పబోగా, ముందు మాట వినువారి సంగతి చూతము, వినని వారి సంగతి తరువాత నని ఆపితిమి.

ఒకనాడు ఆమె మమ్ము 'దోందె బీబె ఉస్తెద్?' అని యడిగెను. తమ రెచ్చట నివసింతురని. మేము తడుముకొనక 'బిబీమోస్' అని రాజమహేంద్రవరము పేరు చెప్పితిమి. మనుమరాలు వెంటనే, 'నువ్వొక్కదానివే కదా అమ్మమ్మా, బీబో అనాలి' అని దిద్దినది. నలుబదియేండ్లు 'మేమచ్చట నుందుము' అని పలికిన నోరు ఒక్కసారిగా 'ఉందును' అనజాలకపోయినది. మేము మౌనముగా నుండుట చూచి మెక్సికో యామె సంగతి గ్రహించినట్లున్నది. 'బిబీమోస్' అనురూపమే భూతకాలమునకును చెల్లునని, 'నివసించితిమి' యని దానికర్థము చెప్పుకొనవచ్చునని మనుమరాలి ద్వారా చెప్పి, మేము పలికినది తప్పు కాదనినది. పిదప తన గుండెపై చేయి పెట్టుకొని, 'యో బీబో అకీ' యనినది. నేనిచ్చట నుందును. దక్షిణపు దిక్కు చూపి, 'ఎయోస్ బీబెన్ అయా' యనినది. వారచ్చట నుందురు. ఆమె తల్లియు కుమారుడును మెక్సికోలో నున్నారు. ఆమె వారిని చూచి ఆఱేండ్లైనది. ఒక క్రియకు రెండు చివరలు చేర్చి ఆమె తన కుటుంబకథ యంతయు చెప్పినది. దానికి తర్జుమా మాకక్కఱ లేకపోయినది.

మనుమరాలికి తెలుగు మాటలు వచ్చును గాని క్రియల చివరలు తారుమారు. 'నేను తిన్నది', 'అమ్మ వచ్చాడు' అనుచుండెను. ఎన్నిమార్లు దిద్దినను విసుగుకొనెడిది. స్పానిషు పాఠము పదిదినములు జరిగిన పిదప, ఒక రాత్రి ఆమెయే పుస్తకము త్రిప్పి, అబ్లో, అబ్లాస్ అనువాని యెదుట తెలుగులో వ్రాయుమని యడిగినది. మేము తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తిన్నది, తిన్నాము, తిన్నారు అని వ్రాసితిమి. ఆమె కొంతసేపు చూచి, 'మన తెలుగు కూడా ఇలాగే ఉందే! మరి ఎవరూ ఇలా చెప్పలేదేం?' అనినది. మేము చెప్పుటకు బదులు దిద్దుచుంటిమి గనుక చెప్పలేదు. నాటినుండి ఆమె మాకొక వరుస, మేమామెకొక వరుస. మేము బయలుదేఱునాటికి 'అమ్మ వచ్చింది' అని తప్పులేక పలుకుచుండెను. ఇప్పుడు ఫోనులో మాటలాడునప్పుడు పూర్వమువలె రెండు మాటలకే తల్లికి ఫోను ఇచ్చివేయుట లేదు.

ఆఱు మాసముల గడువు తీఱినది. ప్రయాణమునకు ముందుదినమున మెక్సికో యామె మాకొఱకు మొక్కజొన్న రొట్టెలును, చిక్కుడుగింజల కూరయు తెచ్చెను. తమవారు దానిలో పందికొవ్వు వేయుదురు గాని, మాకై నూనెతో చేసితినని చెప్పినది. రెండు పళ్లెములు బల్లపై పెట్టి, 'కొమేమోస్?' అనినది.

మన తెలుగులో 'మేము' వేఱు, 'మనము' వేఱు. మేము తిందుమనినచో ఎదుటివారికి అందులో భాగము లేదు. మనము తిందమనినచో ఉన్నది. స్పానిషులో ఈ భేదము లేదు. 'కొమేమోస్' అనినచో రెండును కావచ్చును. ఆ దినమున మాకు 'కియేన్?' అని యడుగవలసిన పని లేకపోయినది. పళ్లెములు రెండు గదా. పసివాడు మా యొడిలో కూర్చుండి రొట్టె తునకకై చేయి చాచుచుండెను. ఆమె వానిని చూచి 'కోమె!' యనినది. మేము 'బేబె!' యంటిమి.

సోదరీమణులారా! మీలో ననేకులు కూతుండ్ర కాన్పులకు, కోడండ్ర కాన్పులకు దూరదేశములకు బోవుచున్నారు. ఊరగాయలు, పొడులు, పురిటి మందులు మూటగట్టుకొందురు. వానితో పాటు అచ్చటివారి భాషలో పది క్రియలును, వాని చివరలును నేర్చుకొని పొండు. తినుట, త్రాగుట, ఏడ్చుట, నొచ్చుట అనువానిని ముందు నేర్చుకొనుడు. అర్థము కానిచో తలయూపక, ఎవరని యడుగుడు. తెలియదనుటకు సిగ్గుపడి మేమొకమాఱు తల యూపితిమి. ఆ యొక రాత్రి మాకు చాలును. మీకట్టి రాత్రి రాకుండుగాక.